సబ్‌టైటిల్ కింద నీడ: 6/6 చదివే కంటికి సాఫ్ట్ లెన్సులతో వచ్చిన ఇబ్బందిపై కేస్ స్టడీ

పేషెంటు వయసు 39 ఏళ్లు. సొంతూరు నెల్లూరు దగ్గర. పదహారేళ్లుగా చెన్నైలోనే ఉంటూ, సాలిగ్రామంలోని ఎడిట్ సూట్లలో తెలుగు చిత్రాలకూ, తమిళం నుంచి తెలుగులోకి డబ్ అయ్యే చిత్రాలకూ ఎడిటర్‌గా పనిచేస్తున్నారు. నాలుగో తరగతి నుంచి కళ్లజోడు వాడుతున్నారు. వడపళనిలోని మా క్లినిక్‌కు రావడానికి మూడు నెలల ముందు ఒక కళ్లజోళ్ల దుకాణంలో తొలిసారిగా సాఫ్ట్ కాంటాక్ట్ లెన్సులు తీసుకున్నారు. లెన్సులతో చూపు సరిగా లేదని రెండుసార్లు అదే దుకాణానికి వెళితే, రెండుసార్లూ చార్టు చదివించి, 6/6 (ఆరు మీటర్ల దూరం నుంచి మామూలు చూపు చదవగలిగే వరుస) వచ్చింది కాబట్టి లోపమేమీ లేదని, అలవాటు పడితే సర్దుకుంటుందని చెప్పి పంపించారు. ఆయన అనుమతితోనే, గుర్తుపట్టే వివరాలు తీసివేసి ఈ కేసు రాస్తున్నాను.

ఆయన తన ఇబ్బందిని చెప్పిన తీరు నాకు చాలా ఉపయోగపడింది. "కనపడటం లేదని కాదు మేడమ్, కనపడుతోంది. కానీ సబ్‌టైటిల్లో తెల్లక్షరం కింద ఇంకో అక్షరం పలచగా పరిచినట్టుంటుంది. పొద్దున కొంచెం, రాత్రయ్యేసరికి ఎక్కువ. నలుపు సీన్లలో జుట్టుకూ గోడకూ తేడా తెలియడం లేదు. ఏందో పొగ పట్టినట్టుంటుంది. అద్దాలు పెట్టుకుంటే ఇవేవీ లేవు" అన్నారు. కొద్ది వాక్యాల్లో మూడు వేర్వేరు ఫిర్యాదులు ఉన్నాయి. అక్షరం కింద నీడ ఒకటి, ముదురు రంగుల మధ్య తేడా తగ్గడం రెండోది, పొద్దు గడిచేకొద్దీ పెరగడం మూడోది. వీటన్నిటికీ కారణం ఒక్కటే కానవసరం లేదన్న అనుమానంతోనే పరీక్ష మొదలుపెట్టాను.

మొదటి రోజు చూసినవి

ఆయన కళ్లజోడు పవర్ కుడి కంటికి -7.50 స్ఫియర్, -1.25 సిలిండర్, 180 యాక్సిస్; ఎడమ కంటికి -8.25 స్ఫియర్, -0.75 సిలిండర్, 170 యాక్సిస్. స్ఫియర్ అంటే అన్ని దిశల్లో ఒకేలా ఉండే పవర్, సిలిండర్ అంటే ఒక దిశలోనే అదనంగా కావలసిన పవర్, యాక్సిస్ అంటే ఆ సిలిండర్‌ను నిలపాల్సిన కోణం; పవర్ అంకెలు డయాప్టర్లలో. నేను మళ్లీ రిఫ్రాక్షన్ (పవర్ పరీక్ష) చేసినప్పుడు కూడా ఇవే వచ్చాయి. అద్దం కంటికి 12 మిల్లీమీటర్ల దూరంలో కూర్చుంటోంది. కళ్లజోడుతో కుడి కన్ను 6/6 వరుసలో రెండు అక్షరాలు తప్ప మిగతావి చదివింది, ఎడమ కన్ను పూర్తి వరుస చదివింది. కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) వంపు కొలిస్తే కుడి కంటికి అడ్డంగా 43.25, నిలువుగా 44.50 డయాప్టర్లు. అంటే కుడి కంటి సిలిండర్ దాదాపు అంతా కార్నియాలోనే ఉంది.

దుకాణం ఇచ్చిన లెన్సుల పెట్టెలు ఆయన వెంట తెచ్చుకున్నారు. కుడి పెట్టె మీద -7.50, ఎడమ పెట్టె మీద -8.25 అని ఉంది. సిలిండర్ లేదు. కళ్లజోడు చీటీలోని స్ఫియర్ అంకెలను యథాతథంగా లెన్సు పెట్టెకు ఎక్కించారని చూడగానే అర్థమైంది. ఇందులో రెండు పొరపాట్లు ఉన్నాయి, రెండూ ఈ వృత్తిలో మొదటి ఏడాదిలోనే నేర్పే విషయాలకు సంబంధించినవి.

మొదటిది దూరం లెక్క. కంటికి 12 మిల్లీమీటర్ల ముందు ఉండే మైనస్ అద్దాన్ని తెచ్చి నేరుగా కార్నియా మీద పెడితే, అదే పని చేయడానికి తక్కువ పవర్ చాలు. నాలుగు డయాప్టర్ల లోపు పవర్లలో ఈ తేడాను పట్టించుకోనక్కర్లేదు కానీ, ఎనిమిదికి చేరేసరికి అది పావు డయాప్టర్ మాట కాదు. ఈయన లెక్క వేస్తే కుడి కంటి -7.50 కార్నియా దగ్గర -6.88 అవుతుంది, సిలిండర్ ఉన్న దిశలో కళ్లజోడులోని -8.75 కాస్తా -7.92 అవుతుంది. అంటే స్ఫియరే కాదు, సిలిండర్ కూడా 1.25 నుంచి దాదాపు 1.00కు తగ్గుతుంది. ఈ రెండో సంగతిని చాలామంది మరిచిపోతారు. ఎడమ కంటికి కావలసింది -7.50, దాని మీద దాదాపు -0.60 సిలిండర్. ఆ కంటికి -8.25 లెన్సు వేయడం వల్ల సగటున 0.40 డయాప్టర్లకు పైగా మైనస్ ఎక్కువైంది.

రెండోది సిలిండర్‌ను వదిలేయడం. సాఫ్ట్ లెన్సు మెత్తనిది. 1961లో ప్రాగ్‌లో ఒట్టో విఖ్తెర్లె హైడ్రోజెల్ అనే నీటిని పీల్చుకునే మెత్తని ప్లాస్టిక్‌తో లెన్సులు తయారు చేసి చూపించినప్పటి నుంచి, 1971లో అమెరికాలో వాటి అమ్మకానికి అనుమతి వచ్చి ప్రపంచమంతా వ్యాపించేదాకా, వీటికి ఆదరణ తెచ్చింది ఈ మెత్తదనమే. పెట్టుకున్న కాసేపటికే కన్ను దాన్ని మరిచిపోతుంది. అయితే తడిబట్టలా కార్నియా మీద పరుచుకునే లెన్సు కార్నియా వంపును కూడా అలాగే పైకి తెస్తుంది. గట్టి లెన్సు అయితే దానికీ కార్నియాకూ మధ్య చేరిన కన్నీరు ఆ వంకరను పూడ్చేస్తుంది. మామూలు సాఫ్ట్ లెన్సుకు ఆ శక్తి లేదు. కార్నియాలో ఒక డయాప్టర్ వంకర ఉంటే, స్ఫియర్ లెన్సు పెట్టాక కూడా దాదాపు ఒక డయాప్టర్ వంకర ఉండిపోతుంది.

ఆ లెన్సులు పెట్టించి చూస్తే కుడి కన్ను 6/9, ఎడమ కన్ను 6/6, రెండూ కలిపి 6/6. లెన్సుల మీద అదనపు పవర్ వేసి చూస్తే కుడికి +0.50 స్ఫియర్, -1.00 సిలిండర్, 180 యాక్సిస్, ఎడమకు +0.75 స్ఫియర్, -0.50 సిలిండర్, 170 యాక్సిస్. కాగితం మీద వేసిన లెక్కకూ, కంటి మీద తేలిన ఫలితానికీ పావు డయాప్టర్ మించి తేడా లేదు. దుకాణంలో చదివించిన 6/6 అబద్ధం కాదు. రెండు కళ్లూ తెరిచి చదివించారు. ఎడమ కన్ను తన లోపలి కటకాన్ని బిగించి, ఎక్కువైన మైనస్‌ను తానే సర్దుకుని చదివింది. చార్టు దగ్గర పది సెకన్ల పాటు ఆ పని ఏ కన్నయినా చేస్తుంది. రోజుకు పది గంటలు చేయమంటేనే మొరాయిస్తుంది.

చీకటి గదిలో పరీక్ష

మన క్లినిక్కుల్లో చూపు పరీక్ష అంటే వెలుతురు గదిలో, తెల్ల పలక మీద నల్లని ఇంగ్లీషు అక్షరాలు చదివించడం. ఈయన పనిచేసేది చీకటి గదిలో, నల్ల తెర మీద తెల్లని తెలుగు అక్షరాలతో. అందుకే మా గదిలో దీపాలన్నీ ఆర్పి, ఆయన పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్న రెండు నిమిషాల రాత్రి సన్నివేశాన్ని లాప్‌టాప్‌లో ఆడించి, ఒక్కో కన్ను మూయించి చూడమన్నాను. కుడి కంటితో, దుకాణం లెన్సుతో, కింద నడుస్తున్న సబ్‌టైటిల్‌లో "పదండి" అన్న మాటను ఆయన మొదట "వదండి" అని చదివారు.

ఈ ఒక్క పొరపాటు కారణాన్ని వేలుపెట్టి చూపించింది. తెలుగు లిపిలో 'ప' కూ 'వ' కూ ఉన్న ముఖ్యమైన తేడా తలకట్టు ఒంటికి అంటుకుందా, విడిగా నిలిచిందా అన్నదే. 180 యాక్సిస్‌లో మైనస్ సిలిండర్ కావలసిన కంటికి దాన్ని ఇవ్వకపోతే, మసక పైకీ కిందికీ సాగుతుంది. అడ్డగీతలు నిలువునా అలుక్కుపోతాయి. తలకట్టుకూ అక్షరానికీ మధ్య ఉండే సన్నని ఖాళీ ముందుగా పూడిపోతుంది. గుడికీ గుడిదీర్ఘానికీ, ఒత్తుకూ దాని పైనున్న అక్షరానికీ ఇదే గతి. ఇంగ్లీషు చార్టులో అదే పరిమాణంలో ఉన్న అక్షరాన్ని దాని మొత్తం ఆకారాన్ని బట్టి ఊహించి చదివేయవచ్చు. తెలుగులో తేడాలు చాలావరకు అక్షరం పైనా కిందా ఉండే చిన్న గీతల్లో ఉంటాయి కాబట్టి, నిలువుగా సాగే మసక తెలుగు చదివేవారిని ఎక్కువ బాధపెడుతుందని నా అభిప్రాయం. సిలిండర్ సందేహం ఉన్న ప్రతి తెలుగు పేషెంటుకూ చార్టు తర్వాత ఒక తెలుగు పేజీ కూడా చదివించడం ఈ కేసు తర్వాత నేను పెట్టుకున్న అలవాటు.

ఇక చీకట్లో నీడ ఎందుకు పెరుగుతుందో చెప్పడం తేలిక. వెలుతురులో ఆయన కంటిపాప 3 మిల్లీమీటర్లు, దీపాలు ఆర్పాక 6.5 మిల్లీమీటర్లు. మిగిలిపోయిన పవర్ అంతే ఉన్నా, రెటీనా (కంటి లోపలి తెర) మీద పడే మసక వెడల్పు కంటిపాప వెడల్పుతో పాటే పెరుగుతుంది. నా వెలుతురు గదిలో సన్నగా ఉన్న నీడ ఆయన ఎడిట్ గదిలో రెండింతలు దాటిపోతుంది. పైగా కంటిపాప పెద్దదైనప్పుడు కార్నియా, కటకాల అంచుల నుంచి వచ్చే కిరణాలు కూడా లోపలికి చేరతాయి. అవి మధ్యనుంచి వచ్చే కిరణాలు కలిసే చోట కలవవు. సాఫ్ట్ లెన్సు కొంచెం పక్కకు జరిగి కూర్చుంటే ఈ దోషం ఒకవైపు ఒరిగి, తోకచుక్కలా కనిపిస్తుంది. ఈయన లెన్సులు మధ్యలోనే నిలిచాయి కాబట్టి ఆ అనుమానాన్ని పక్కన పెట్టగలిగాను.

ముదురు రంగుల తేడా తెలియడం లేదన్న ఫిర్యాదుకు పెల్లి-రాబ్సన్ చార్టు వాడాను. 1988లో వచ్చిన ఈ చార్టులో అక్షరాలన్నీ ఒకే పరిమాణంలో ఉంటాయి. మూడేసి అక్షరాలకు ఒకసారి నలుపు పలచబడుతూ పోతుంది, ఒక్కో మెట్టుకు 0.15 లాగ్ యూనిట్లు. అంకె ఎంత ఎక్కువైతే అంత పలచని తేడాను కన్ను పట్టిందని అర్థం. కళ్లజోడుతో ఆయనకు ఒక్కో కంటికి 1.65, రెండు కళ్లకూ కలిపి 1.80 వచ్చింది. దుకాణం లెన్సులతో కుడి 1.35, ఎడమ 1.50, రెండూ కలిపి 1.65. కుడి కంట్లో రెండు మెట్లు పోయాయి. "నలుపులో నలుపు కలిసిపోతోంది" అని మూడు నెలలుగా ఆయన చెబుతున్నదానికి అంకెల్లో రుజువు దొరికింది. ఆ అంకెలు చూపించినప్పుడు ఆయన ముఖంలో కనిపించిన ఊరట నాకు ఇప్పటికీ గుర్తుంది. తన కంటికే ఏదో జబ్బు వచ్చిందని లోలోపల భయపడుతున్నారని అప్పుడు తెలిసింది. ఇంత మైనస్ ఉన్నవారికి రెటీనా బలహీనపడే అవకాశం ఉంటుంది కాబట్టి, కంటిపాప పెద్దది చేసి లోపలి అంచుల దాకా చూడాల్సిందిగా కంటి వైద్యులకు పంపాను. చిల్లులు, పగుళ్లు ఏవీ లేవని రిపోర్టు వచ్చింది.

కళ్లజోడు వైపు లోపాలు

ఇక్కడ ఒక మాట చెప్పాలి. అద్దాలతో "ఇవేవీ లేవు" అని ఆయన అన్నది నిజమే కానీ, అద్దాలతో వేరే లోపాలు ఉన్నాయి. ముప్పై ఏళ్లుగా వాడుతున్నందున వాటిని ఆయన లోపాలుగా గుర్తించడం లేదంతే. కళ్లజోడును కొలబద్దగా పెట్టుకుని లెన్సును తూచడం వల్ల పేషెంటే కాదు, మనమూ పొరబడతాం.

మైనస్ అద్దం చూసినదాన్ని చిన్నది చేస్తుంది. ఈయన పవర్‌కు కళ్లజోడు తీసి లెన్సు పెడితే రెటీనా మీది బొమ్మ దాదాపు 10 శాతం పెద్దదవుతుంది. సరైన లెన్సులు పెట్టిన రోజున ఆయన మొదట అన్న మాట, "మానిటర్ ఎవరో ముందుకు జరిపినట్టుంది" అని. కళ్లజోడుతో రెండు అక్షరాలు తప్పిన కుడి కన్ను తర్వాత లెన్సుతో 6/6 పూర్తిగా చదవడంలో ఈ పెద్దదనానికి కూడా వాటా ఉంది.

రెండోది అంచు. ఆయన ముందు రెండు మానిటర్లు ఉంటాయి. తల కదపకుండా కుడి మానిటర్ చివరకు చూపు తిప్పితే, చూపు అద్దం మధ్యనుంచి 10 మిల్లీమీటర్లు పక్కకు పోతుంది. ఆ చోట ఎనిమిది డయాప్టర్ల అద్దం ఎనిమిది ప్రిజం డయాప్టర్ల పట్టకంలా పనిచేస్తుంది. పట్టకం రంగులను విడదీస్తుంది. అద్దం పలచగా ఉండాలని ఆయనకు 1.67 వక్రీభవన సూచిక ఉన్న పదార్థం ఇచ్చారు. దాని అబ్బె సంఖ్య (ఇది తక్కువైతే రంగులు ఎక్కువగా విడిపోతాయి) దాదాపు 32, అంటే మామూలు సిఆర్-39 ప్లాస్టిక్‌తో పోలిస్తే రంగులను దాదాపు రెండింతలు విడదీస్తుంది. పరీక్షించేందుకు తెల్ల అక్షరాన్ని తెర చివరకు జరిపి, తల కదపకుండా కళ్లజోడు అంచులోంచి చూడమన్నాను. అక్షరానికి ఒక పక్క నీలం, ఇంకో పక్క పసుపు గీత కనిపించాయన్నారు. అన్నాక కాసేపు మౌనంగా ఉండి, "ఇది మానిటర్ లోపమనుకుని రెండేళ్ల కింద మానిటర్ మార్పించాను మేడమ్" అన్నారు. కంటితో పాటే తిరిగే కాంటాక్ట్ లెన్సులో ఈ లోపం దాదాపు ఉండదు, ఎందుకంటే చూపు ఎప్పుడూ లెన్సు మధ్యభాగంలోంచే పోతుంది.

మూడోది దగ్గరి చూపు, దీనిలో మాత్రం లాభం కళ్లజోడుది. మైనస్ పవర్ ఎక్కువ ఉన్నవారికి కళ్లజోడు దగ్గరి పనిలో తెలియకుండానే కొంత సాయం చేస్తుంది. 40 సెంటీమీటర్ల దూరంలోని కాగితం చదవడానికి ఈయన కన్ను కళ్లజోడుతో దాదాపు 2.0 డయాప్టర్లు బిగిస్తే చాలు. లెన్సుతో దాదాపు 2.4 కావాలి. రెండు కళ్లను ముక్కు వైపు తిప్పే శ్రమ కూడా లెన్సుతో కొంత పెరుగుతుంది. ఇరవై ఏళ్లవారికి ఇది లెక్కలోకి రాదు. 39 ఏళ్ల ఈయన కన్ను గరిష్ఠంగా బిగించగలిగింది 5.0 డయాప్టర్లు, అందులో సగం వరకే ఎక్కువసేపు హాయిగా వాడుకోవచ్చన్నది మేం పాటించే లెక్క. 2.4 ఆ హద్దులోనే ఉంది. కానీ దుకాణం ఎడమ కంటికి వేసిన అదనపు మైనస్ కలిస్తే అది 2.8 దాటింది. సాయంత్రానికి కణతలు లాగుతున్నాయని, డబ్బింగ్ స్క్రిప్టు కాగితాలు చేయి చాపి చదువుతున్నారని ఆయన భార్య మాటల్లో బయటపడింది. "నలభై రాకముందే చత్వారమా అని ఈయన బెంగ" అని కూడా చెప్పారు.

టోరిక్ లెన్సులు, యాక్సిస్ సవరణ

సిలిండర్ ఉన్న టోరిక్ లెన్సులు, అవీ రోజుకొక జత వాడి పారేసేవి ఎంచుకున్నాను. -6.00 దాటాక ఈ లెన్సులు చాలావరకు అర డయాప్టర్ మెట్లలోనే దొరుకుతాయి, సిలిండర్ కూడా -0.75, -1.25, -1.75 వంటి అంకెల్లోనే వస్తుంది. అందుకే కుడి కంటికి -7.00, -0.75, 180 యాక్సిస్; ఎడమకు -7.50, -0.75, 170 యాక్సిస్ ట్రయల్‌గా పెట్టాను. కుడికి సిలిండర్ పావు డయాప్టర్ తక్కువే పడింది కానీ, స్ఫియర్‌తో కలిపి సగటు కుదిరింది.

ఇరవై నిమిషాలు ఆగి చూస్తే ఎడమ లెన్సు సరిగ్గా నిలిచింది. కుడి లెన్సు గుర్తు, ఆరు గంటల స్థానంలో ఉండవలసింది, నాకు ఎడమ వైపుగా 20 డిగ్రీలు తిరిగి కూర్చుంది. రెప్ప కొట్టినప్పుడల్లా కదిలి మళ్లీ అక్కడికే వస్తోంది. ఇలా ఒకేచోట నిలకడగా ఉండటమే ముఖ్యం; ఎంత తిరిగిందన్నది లెక్కతో సరిచేయవచ్చు, నిలకడ లేకపోతే లెక్క పనికిరాదు. అంత తిరిగితే ఆయన కంట్లో ఇంకా 0.65 డయాప్టర్ల వరకు సిలిండర్ మిగులుతుంది. ఆ లెన్సుతో చార్టు మాత్రం 6/6 చదివేశారు! చీకట్లో సబ్‌టైటిల్ ఆడిస్తే, నీడ పలచబడింది గానీ పోలేదు, పైగా ఇప్పుడు కిందికి కాక ఏటవాలుగా ఉందన్నారు. పరీక్షించేవారికి ఎడమ వైపు తిరిగితే ఆ డిగ్రీలు కలపాలి, కుడి వైపు తిరిగితే తీసేయాలి. 180కి 20 కలిపితే 200, అంటే 20 యాక్సిస్. ఆ యాక్సిస్ లెన్సు తెప్పించడానికి వారం పట్టింది. అది పెట్టాక తిరుగుడు అంతే ఉంది, కానీ సిలిండర్ ఉండవలసిన చోటికి వచ్చింది. దీపాలు ఆర్పి అదే సన్నివేశం ఆడించాను. "పదండి" అని చదివి, నీడ లేదన్నారు.

పొద్దు గడిచేకొద్దీ

నెల తర్వాత వచ్చినప్పుడు, పగలంతా బాగుందని, రాత్రి ఏడు దాటాక పొగ మళ్లీ పడుతోందని చెప్పారు. ఉదయం పూట తాజా లెన్సులతో వచ్చే పేషెంటును పరీక్షించి ఈ ఫిర్యాదును కొట్టిపారేయడం చాలా తేలిక. అందుకే పని ముగించుకుని, లెన్సులు తీయకుండా, రాత్రి ఎనిమిదిన్నరకు నేరుగా క్లినిక్‌కు రమ్మన్నాను. అప్పటికి లెన్సులు పెట్టి పది గంటలు. చార్టులో 6/6 వరుస చూపించి, చదువుతూ రెప్ప కొట్టవద్దన్నాను. నాలుగు సెకన్లు వరుసంతా చదవగలిగారు. ఆ తర్వాత అక్షరాలు అంచుల నుంచి కరిగిపోయినట్టు అయ్యాయని, ఆరో సెకనుకు వరుసే పోయిందని చెప్పారు. రెప్ప కొట్టగానే వరుస తిరిగి వచ్చింది. కెరటోమీటర్ (కార్నియా వంపు కొలిచే పరికరం) వలయాలను లెన్సు ముఖం మీద చూస్తే, అవి కూడా సరిగ్గా నాలుగో సెకనుకే చెదిరాయి.

కంట్లో వెలుతురు మొదట తగిలేది కన్నీటి పొరకే. ఆ పొర నునుపుగా ఉన్నంతసేపే దాని వెనకున్న ఏ లెన్సయినా పనిచేస్తుంది. లెన్సు పెట్టినప్పుడు ఆ పొర రెండుగా చీలుతుంది. లెన్సు ముందుండే భాగం పలచగా ఉండి త్వరగా విరుగుతుంది. ఎడిట్ చేసేవారు, కోత ఎక్కడ పెట్టాలా అని ఒక్కో ఫ్రేమును గమనిస్తూ, రెప్ప కొట్టడం మరిచిపోతారు. కొట్టినా సగమే మూస్తారు. బయట చెన్నై గాలిలో ఎంత తేమ ఉన్నా, యంత్రాలు వేడెక్కకుండా ఏసీ గట్టిగా పెట్టిన ఎడిట్ గదిలో గాలి పొడిగా ఉంటుంది. పైగా ఆయన కుర్చీకి ఎదురుగానే ఏసీ గాలి తగులుతోందని ఫోన్‌లో తీసిన ఫోటో చూస్తే తెలిసింది. లెన్సు లేకుండా కన్నీటి పొర ఏడు సెకన్లు నిలిచింది, పది వస్తే బాగుండేది. కింది రెప్ప అంచులోని నూనె గ్రంథులను వేలితో నొక్కితే పలచని నూనెకు బదులు చిక్కని పసుపు పదార్థం వచ్చింది.

దీనికి పవర్ మార్చడం పరిష్కారం కాదు. రోజూ రెండుపూటలా పది నిమిషాల చొప్పున రెప్పలకు వేడి కాపడం, ఆ తర్వాత రెప్ప అంచు వెంట మృదువుగా నొక్కడం చూపించాను. ఏసీ గాలి దిశ మార్పించారు. ప్రిజర్వేటివ్ లేని చుక్కలు, లెన్సు మీదే వేసుకోగలిగినవి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి వేసుకోమన్నాను. మొదట ఇచ్చిన 58 శాతం నీరున్న హైడ్రోజెల్ లెన్సుల స్థానంలో నీటిశాతం తక్కువ ఉన్న సిలికోన్ హైడ్రోజెల్ టోరిక్ లెన్సులకు మార్చాను. కొత్త లెన్సు కుడి కంటి మీద ఎంత తిరుగుతుందో మళ్లీ కొలిచాను. కంపెనీ మారితే తిరుగుడు కూడా మారవచ్చు కాబట్టి పాత యాక్సిస్‌నే గుడ్డిగా రాయకూడదు. ఈసారీ దాదాపు అంతే తిరిగింది, 20 యాక్సిస్‌నే ఉంచాను. లెన్సులతో నిద్రపోవద్దని, కుళాయి నీరు గానీ బాటిల్ నీరు గానీ లెన్సుకు తగలనివ్వవద్దని ఆయనకూ, ఆయన భార్యకూ గట్టిగానే చెప్పాను. నీటిలో ఉండే అకాంతమీబా అనే సూక్ష్మజీవి కార్నియాలో చేరితే జరిగే నష్టం ముందు నేను ఇక్కడ రాసిన ఇబ్బందులన్నీ చాలా చిన్నవి.

కళ్లజోడు కూడా మార్చాం. లెన్సులు వాడేవారికి కళ్లజోడు అక్కర్లేదనుకోవడం తప్పు. రాత్రి పూట లెన్సులు తీశాక, కన్ను ఎర్రబడిన రోజున, ఆ కళ్లజోడే దిక్కు. వెడల్పాటి ఫ్రేము తీసి, చిన్న గుండ్రటి ఫ్రేములో 1.60 పదార్థం వేయించాను. అబ్బె సంఖ్య 41 ఉండే రకం కావడంతో రంగు గీతలు తగ్గాయి. ఫ్రేము చిన్నది కాబట్టి అంచు మందం కూడా మరీ పెరగలేదు. పలచని అద్దమే మంచి అద్దమని నమ్మి ఎక్కువ ధర పెట్టి కొన్న 1.67ను వదలడానికి ఆయన మొదట ఒప్పుకోలేదు; తెర చివర తెల్ల అక్షరాన్ని రెండు ట్రయల్ అద్దాల్లోంచి చూపించాక ఒప్పుకున్నారు.

మూడో నెల

మూడో నెలలో పగలు తీసిన కొలతల్లో రెండు కళ్లూ విడివిడిగా 6/6 పూర్తి, పెల్లి-రాబ్సన్‌లో ఒక్కో కంటికి 1.65, రెండూ కలిపి 1.80, అంటే కళ్లజోడుతో సమానం. రాత్రి ఎనిమిదిన్నరకు, తొమ్మిది గంటలు లెన్సు పెట్టాక, కలిపి 1.65కు దిగింది, చుక్కలు వేసి ఐదు నిమిషాలు కళ్లు మూసుకున్నాక మళ్లీ 1.80 అయింది. లెన్సు ముందు కన్నీటి పొర నాలుగు సెకన్ల నుంచి ఆరుకు పెరిగింది. గ్రంథుల్లో పదార్థం ఇంకా చిక్కగానే ఉంది, కాపడం ఇంకో రెండు నెలలు కొనసాగించమన్నాను.

ఇప్పుడు ఆయన ఉదయం పదింటికి లెన్సులు పెట్టుకుని, సాయంత్రం ఆరున్నరకు తీసేసి, కళ్లజోడుకు మారుతున్నారు. రంగుల పని, సబ్‌టైటిళ్ల తనిఖీ పగలే పెట్టుకుంటున్నారు. రాత్రి షిఫ్టు తప్పనిసరైతే కళ్లజోడుతోనే కూర్చుంటున్నారు. లెన్సు తీసి అద్దాలు పెట్టిన మొదటి పావుగంట బొమ్మ చిన్నదై, నేల కొంచెం వంగినట్టు ఉంటుందని, అప్పుడు మెట్లు జాగ్రత్తగా దిగుతానని చెప్పారు. పది శాతం తేడా ఉన్నంతకాలం ఆ పావుగంట తప్పదని చెప్పాను.

ఎడమ కంటి లెన్సును మళ్లీ చూసేటప్పుడు పావు నుంచి అర డయాప్టర్ తగ్గించే ఆలోచన ఉంది. ఆయన ముఖ్యంగా వాడే కన్ను కుడిది; ఎడమ కన్ను కొంచెం దగ్గరకు సర్దితే స్క్రిప్టు కాగితాలు ఇంకో రెండు మూడేళ్లు హాయిగా చదవగలరు. కానీ అలా తగ్గించిన రోజున చీకటి సన్నివేశంలో ఎడమ కంటికి నీడ తిరిగి వస్తుందా లేదా అన్నది ముందు దీపాలు ఆర్పి చూడాలి. అందుకని వచ్చేటప్పుడు ఆ పెన్‌డ్రైవ్ మళ్లీ తెమ్మన్నాను.